బిస్కెట్ డబ్బాలో జీతాలు

జీతాల శుక్రవారం. ఎడారి దేశంలో స్టేడియం కట్టే కూలీల క్యాంప్. మెస్ హాల్లో క్యాంప్ బాస్ రత్నాకర్ బిస్కెట్ డబ్బా ముందు పెట్టుకుని కూర్చున్నాడు. ఆ డబ్బాలో క్యాంప్ మొత్తం ఏటీఎం కార్డులున్నాయి. కంపెనీ జీతం బ్యాంకులో వేస్తుంది. రత్నాకర్ కార్డులన్నీ పట్టుకెళ్లి డబ్బు తీసుకొస్తాడు, కోతలు కోసి మిగిలింది చేతికిస్తాడు. కార్డులు అతను గుంజుకోలేదు, కూలీలే ఇచ్చారు. మిషన్ దూరం, దాని భాష రాదు, రత్నాకర్ మనవాడే కదా! అతనికి గుర్తుండాలని అందరి కార్డులకూ ఒకటే నంబరు కూడా పెట్టించారు.

వరుసలో హనుమప్ప వంతు వచ్చింది. రాయలసీమ మనిషి. స్టేడియం పరంజా మీంచి పడి చెయ్యి విరిగి ఇన్నాళ్లూ మంచాన ఉండి, జీతం కోసం లేచొచ్చాడు. రత్నాకర్ అతని మంచి చేతిలో రెండు నోట్లు పెట్టాడు.

"ఇదేంది సామీ, ఇంతేనా?"

"పన్జేయని దినాలు కోసిన. తిండి, రూము, బస్సు కోసిన. మిగిలింది సర్కారు టాక్స్. యల్లా, నడువ్, ఎన్కకు జరుగు."

వెనకే నిలబడ్డ రాజలింగం ఆ రెండు నోట్ల వంకే చూస్తున్నాడు. జగిత్యాల పక్క పల్లె అతనిది. ఆ ఊళ్లో ఏ ఎడారి దేశమైనా దుబాయే. "దుబాయ్ పైసలు ఏడికి పోతున్నయి?" అని భార్య సాయవ్వ ఫోన్లో అడిగినప్పుడల్లా "టాక్స్ కోస్తున్నరే" అని నోరు మూయించేవాడు. ఇప్పుడు ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు. మంచాన పడ్డవాడికి కూడా టాక్సా?

కోతకు సర్కారు పేరు తగిలిస్తే కూలివాడు నోరెత్తడని ప్రతి దళారీకీ తెలుసు.

ఆ సాయంత్రం హనుమప్పను చూడ్డానికి తమ్ముడు తిరుపాలు వచ్చాడు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక ఇంటి డ్రైవరు. సంగతి విని పగలబడి నవ్వాడు.

"ఈ దేశంలో జీతానికి టాక్సే ల్యాదు గదన్నా! మా సేటుకు ల్యాదు, నాకు ల్యాదు, వెస్ట్ బే టవర్లలో కూర్చునే దొరలకూ ల్యాదు. మీకొక్కరికే యాడ పుట్టె?"

ఇంకెవరూ నవ్వలేదు. నిజామాబాద్ నిసార్ అహ్మద్ లేచాడు. "మనం ఆట సూసెటోళ్లకు కుర్చీలు ఏస్తున్నం. వాడు మన పైసలతోని ఊర్ల మేడ కడుతుండు!"

"లొల్లి జేస్తే వీసా క్యాన్సల్ కొడ్తడు. వీసాకు తెచ్చిన అప్పు మీ అయ్య కడ్తడా?" మూల నుంచి ఎవరో అన్నారు.

"అప్పు నాకు లేదా?" రాజలింగం గొంతు పెంచాడు. "గీ కోతలతోని ఈడనే ముసలోళ్లమైనా అది తీరదు. కార్డులు మనమే ఇచ్చినం, మనమే తెచ్చుకోవాలె. ఒక్కడు అడిగితే ఇంటికి తోల్తడు. అందరం అడిగితే స్టేడియం ఎవనితోని కట్టిస్తడు?"

తెల్లారి బస్సులొచ్చాయి. ఎవరూ ఎక్కలేదు. తెలుగువాళ్లు, నేపాలీలు, బెంగాలీలు నేల మీద కూర్చుండిపోయారు. అందరి కార్డులూ ఆ డబ్బాలోనే ఉన్నాయి మరి!

రత్నాకర్ డబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. తిట్టాడు, బెదిరించాడు, బతిమాలాడు. చివరికి రాజలింగాన్ని పక్కకు పిలిచి అతని కార్డు అరచేతిలో పెట్టాడు.

"ఒక్క జిల్లోళ్లం తమ్మీ. ఇగ నీకు ఏ కోతా లేదు. వీళ్లను బస్సెక్కియ్యి, సాలు."

సాయవ్వ అడిగిన పైసలన్నీ ఆ చేతిలోనే ఉన్నాయి. రాజలింగం కార్డును అందరికీ కనబడేలా పైకెత్తాడు. తిరిగి డబ్బాలో పడేశాడు.

"ముందుగాల హనుమప్పది తియ్. నాది ఆఖర్న."

గుంపు ఒక్కసారిగా లేచి డబ్బా చుట్టూ మూగింది. రత్నాకర్ హనుమప్పతో మొదలుపెట్టి కార్డులు పంచాడు. రాజలింగం కార్డొక్కటే మిగిలి ఉండగా, పని ఆగిందన్న కబురు అంది పోలీసు బండి వచ్చింది. రత్నాకర్ వేలు రాజలింగాన్ని చూపింది. అతన్ని బండెక్కించారు.

"కార్డులొచ్చినయి గదా! ఇగ యల్లా, డ్యూటీ!" అని అరిచాడు రత్నాకర్.

హనుమప్ప మంచి చేత్తో డబ్బా లాక్కున్నాడు. వెళ్లి బస్సు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు.

"దీంట్లో ఇంకొక కార్డుండాది. ఆయప్ప వచ్చి తీసుకునేదాకా బండి కదల్దు. కదిలిస్తే నా మీంచే పోవల్ల."

అతని పక్కన నిసార్ కూర్చున్నాడు. తర్వాత క్యాంపంతా కూర్చుంది.