గ్లాసులో రెండు వేళ్ళ ఖాళీ

శనివారం పొద్దున్నే నాయనమ్మ చేసే మొదటి పని, అల్మారా మీది గాజు గ్లాసు దింపి, తాతయ్య కట్టుడు పళ్ళు కుళాయి కింద కడిగి, కొత్త నీళ్ళు పోసి మళ్ళీ అందులో వెయ్యడం. ఆ తర్వాతే టీ. తాతయ్య పోయి నాలుగేళ్ళయినా ఈ వరుస మారలేదు. మారిందల్లా నీళ్ళ కొలతే. ఇదివరకు గ్లాసు పైన రెండు వేళ్ళ ఖాళీ వదిలేది. పళ్ళు నవ్వినప్పుడు నీళ్ళు ఒలికి కింద గుడ్డంతా తడిసేది మరి. ఏడాదిగా అవి నవ్వడం లేదు. అందుకని ఈమధ్య అంచు దాకా పోసేస్తోంది.

తాతయ్య ముప్ఫై అయిదేళ్ళు సినిమా హాల్లో టార్చిలైటు పట్టుకుని జనానికి సీట్లు చూపించాడు. అన్నేళ్ళూ తెరకి వీపు పెట్టే నిలబడ్డాడు. సినిమా ఎలా ఉందో జనం మొహాల్లో తెలుస్తుందనేవాడు. అలాంటి మనిషి పళ్ళు కాబట్టి, నిజంగా నవ్వొస్తేనే నవ్వాలని వాటికీ పట్టింపు ఉంది. ఓట్లకొచ్చిన పెద్దమనిషి గుమ్మంలో నిలబడి జోకు వేస్తే వీధి వీధంతా నవ్వింది గాని, పళ్ళు కదల్లేదు. నాన్న ఓసారి నిద్రమత్తులో ఒకే ప్యాంటు కాల్లో రెండు కాళ్ళూ దూర్చి స్తంభంలా నిలబడిపోతే మాత్రం పావు గ్లాసు ఒలికింది.

ఆ తాతయ్య పక్కనే హాల్లో నిలబడి పెరిగింది చిన్నది. ఇంటికి ఆఖరి పిల్ల, ఇరవై మూడేళ్ళు. కాలేజీ గోడల మీద నినాదాలు రాసి రాసి, ఇప్పటికీ ఉప్పు అందివ్వమన్నా ఉపన్యాసంలా అడుగుతుంది. చెవులు మాత్రం తాతయ్యవి. చీకట్లో నవ్వు వింటే ముందు వరసదా వెనక వరసదా చెప్పగలదు. ఆ చెవులతోనే టీవీకి హాస్య సినిమాలు తయారుచేసే కంపెనీలో, సౌండు గదిలో పని సంపాదించింది. జోకు పడినచోట నవ్వు అతకడం, పడనిచోట రెండు అతకడం, అదీ ఆ పని. పాలు, పప్పు, మాట అన్నిటికీ కల్తీ వచ్చాక నవ్వొక్కటీ ఎందుకు మిగలాలని కాబోలు.

అయితే అక్కడి ఎడిటరమ్మది ఒక పద్ధతి. కూలికి నవ్వేవాళ్ళ నవ్వు ప్లాస్టిక్ పువ్వులా ఉంటుందని ఆమెకి నమ్మకం. అందుకని కొత్తగా చేరినవాళ్ళు శని, ఆదివారాలు మూడు సినిమాలు ఇంటికి పట్టుకెళ్ళి, ఇంటిల్లిపాదితో చూసి, వాళ్ళ నవ్వు చిన్న రికార్డరులో ఎక్కించి సోమవారం పదింటికి అప్పగించాలి. మొదటివారం చిన్నది తెచ్చినదాంట్లో ఫ్యాను చప్పుడు ఉంది. రెండోవారం నాన్న గురక ఉంది. ఈ మూడోవారం కూడా నవ్వు లేకపోతే ఇక రానక్కర్లేదని ఎడిటరమ్మ చెప్పేసింది. ఆ మాట ఇంట్లో చెప్పేటప్పుడు చిన్నదాని గొంతులో నినాదం లేదు. ఆ సౌండు గది తప్ప తనకి ఇంకే గదీ వద్దు.

"దానికేం భాగ్యం, నవ్వేద్దాం," అంది అమ్మ. స్కూలు ల్యాబులో గాజు సీసాలు కడిగే ఉద్యోగం ఆవిడది. పగలకుండా ఏ పనైనా చేస్తుంది.

మొదటి సినిమాలో హీరో నూనె మీద కాలు జారి పడ్డాడు. తర్వాత వాళ్ళ మామ పడ్డాడు. తర్వాత పోలీసు పడ్డాడు. పదకొండోసారి పడ్డాక నాన్న, లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఆ నేల తుడవాల్సినవాడు ఎవడని సీరియస్‌గా అడిగాడు. రెండో సినిమాలో ఒకడు ఉంగరం మింగాడు. అది బయటికి వచ్చేదాకా రెండున్నర గంటలు అందరూ అతని పొట్ట చుట్టూ తిరిగారు. నాయనమ్మ నిద్రపోయింది. గ్లాసులో పళ్ళు నెమ్మదిగా, పక్క మీద ఒత్తిగిలినట్టు, గోడవైపు తిరిగాయి.

"ఆయనకీ నచ్చలేదు," అని అమ్మ గ్లాసుకేసి చూసి నిట్టూర్చింది.

ఆదివారం మధ్యాహ్నానికి మిగిలింది మూడో సినిమా ఒక్కటే. అందులో కవల పిల్లలు ఆరుగురు. ఇక లాభం లేదని చిన్నది చెంచా పట్టుకుంది. బల్ల మీద ఒకసారి కొడితే చిరునవ్వు, రెండుసార్లు కొడితే పెద్ద నవ్వు, మూడుసార్లు కొడితే పొట్ట పట్టుకోవాలి. నవ్వు జనం సొత్తు, దాన్ని ఆజ్ఞ మీద రప్పించడం నియంతృత్వమని పోయిన ఏడాదే కాలేజీలో మాట్లాడిన పిల్ల, ఇప్పుడు కన్నతండ్రిని చెంచాతో నవ్విస్తోంది. నాన్న నవ్వు రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులా కిందా పైనా కాకుండా మూలిగింది. అమ్మ రాగం తీసింది. నిద్రలేచిన నాయనమ్మ, ఏం జరిగిందో తెలియక, అందరితో పాటు అందుకుంది.

అప్పుడే తలుపు చప్పుడైంది. చిన్నది సినిమా ఆపి వెళ్ళి తీసింది. కింది అంతస్తు దర్జీ. మెడలో టేపు అలాగే ఉంది. చేతిలో మంచినీళ్ళ సీసా. గుమ్మం దాటకుండానే గొంతు బాగా తగ్గించి అడిగాడు.

"చెల్లెమ్మా, ఎవరికి... ఎప్పుడు జరిగింది?"

అమ్మకి అర్థం కాలేదు. "ఏం జరగలేదన్నయ్యా. సినిమా చూస్తున్నాం."

దర్జీ టీవీ వంక చూశాడు. తెర మీద ఆరుగురు కవలలు నోళ్ళు తెరుచుకుని ఆగిపోయి ఉన్నారు. మళ్ళీ ఈ నలుగురి మొహాలూ చూశాడు. ఆయన కళ్ళలో జాలి ఇంకాస్త ఎక్కువైంది.

"అయ్యో," అన్నాడు. "ఇంకా ఎంతసేపుందమ్మా?"

అల్మారా మీద కటకటమని చప్పుడైంది.

గ్లాసులో నీళ్ళు సలసల మరుగుతున్నట్టు బుడగలెగిశాయి. పళ్ళు గోడవైపు నుంచి గిర్రున తిరిగి, ఒకదాన్నొకటి కొట్టుకుంటూ, పైకి తేలుతూ మునుగుతూ నవ్వాయి. అంచు దాకా ఉన్న నీళ్ళు అల్మారా మీంచి ధారకట్టి నాన్న బట్టతల మీద పడ్డాయి. నాన్న తల తడుముకుని, లిఫ్టు మెకానిక్కు కదా, పైన ఏ పైపు లీకవుతోందని లేచి చూడబోయాడు. దాంతో నాయనమ్మ మొదలెట్టింది. ఆమె వెనక అమ్మ. చివరికి దర్జీ, ఎందుకో తెలియకపోయినా, సీసా గుండెకి అదుముకుని కూలబడ్డాడు.

"పెద్దాయన తేరుకున్నాడే," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "చాన్నాళ్ళయింది విని."

ఆ ఊపులో చిన్నది టీవీ గొంతు మొత్తం తీసేసి, తాతయ్యలాగే తెరకి వీపు పెట్టి, మిగిలిన సినిమాకి తనే మాటలు చెప్పడం మొదలెట్టింది. భుజం మీంచి ఒక్కసారి చూడ్డం, ఇటు తిరిగి చెప్పడం. ఆరుగురు కవలలూ ఒకే చొక్కా కోసం సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడెవరో తేలక మొహాలు చూసుకున్నారు. విలను తుపాకి తీసి, కొలతలు సరిగ్గా తీసుకున్నావా అని వాళ్ళ దర్జీని నిలదీశాడు. కింది అంతస్తు దర్జీ ఆ విలనుకి బదులు చెప్పాడు. తుపాకి పట్టినవాడికి చంక దగ్గర రెండంగుళాలు వదులుండాలని వాదించాడు. వెలుగు తగ్గేదాకా ఆ ఇంట్లో నవ్వు ఆగలేదు. గ్లాసులో సగం నీళ్ళే మిగిలాయి.

టీ తాగుతూ ఉండగా చిన్నదానికి రికార్డరు గుర్తొచ్చింది. సినిమా ఆపింది గాని దాన్ని ఆపడం మరిచిపోయింది. తీసి చూస్తే నిండా నవ్వే. జీవితంలో వినని మంచి నవ్వు. ఒక్కటి కూడా ఆ సినిమాలకి చెందినది కాదు.

నాన్న మెల్లిగా ఒక మాటన్నాడు. ఆ నవ్వు ముక్కలు చేసి, నూనె మీద పడ్డచోట ఒకటి, ఉంగరం దగ్గర ఒకటి అతికేస్తే ఎవరికి తెలుస్తుంది, ఉద్యోగం ఉంటుంది కదా. చిన్నదానికీ ఆ ఆలోచన వచ్చింది. రాలేదనడం అబద్ధం. రికార్డరు గ్లాసు పక్కన పెట్టి ఒక ముక్క వినిపించింది. తమ నవ్వు తామే విని కూడా పళ్ళు కిక్కురుమనలేదు.

"నవ్వుని వేరే ఇంటి గుంజకి కట్టేస్తే మళ్ళీ మనింటికి వస్తుందటే?" అంది నాయనమ్మ, కప్పులు తీస్తూ.

"నవ్వేవాడిదే నవ్వు," అంది చిన్నది. ఈసారి అది అరువు నినాదంలా లేదు, సొంత మాటలాగే ఉంది.

సోమవారం పదింటికి ఎడిటరమ్మ చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని నలభై నిమిషాలు విన్నది. మధ్యలో ఒకసారి టేబులు అంచు పట్టుకుంది. ఇంకోసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అయ్యాక అడిగింది.

"ఇందులో మన సినిమా ఎక్కడమ్మా?"

"సినిమాకి ఎవరూ నవ్వలేదండి. సినిమా పెట్టుకుని మేం నవ్వుకున్నాం. గొంతు తీసేసి, తెరకి వీపు పెట్టి నేనే మాటలు చెప్పాను. ఒక్కటి కూడా అతకలేదు."

"ఆ కటకట?"

"మా తాతయ్య పళ్ళండి."

ఎడిటరమ్మ తలూపింది, పాటలో వయొలిన్ వాయించింది ఎవరో తెలుసుకున్నట్టు. కాసేపు వేళ్ళతో బల్ల మీద తాళం వేసి, రికార్డరు తిరిగి చేతిలో పెట్టింది. "ఈ నవ్వు మీది, తీసుకుపో. మూడు సినిమాలకీ ఉన్న గొంతులు తీసేయిస్తాను. నువ్వు మాటలు చెప్పు. చెప్పేటప్పుడు తెరకి వీపు పెట్టుకునే ఉండు." గుమ్మం దాకా వెళ్ళాక వెనక్కి పిలిచింది. "నవ్వు అతకొద్దు. అవసరం పడదు."

ఆ శనివారం పొద్దున్నే నాయనమ్మ గ్లాసు దింపి పళ్ళు కడిగింది. చిన్నది సంచిలోంచి కాగితాలు తీసి, ఉంగరం సినిమాకి రాసిన మాటలు పెద్దగా చదవడానికి గొంతు సవరించుకుంటోంది. దర్జీ ముందే వచ్చి కుర్చీ లాక్కున్నాడు.

నాయనమ్మ కుళాయి తిప్పింది. నీళ్ళు గ్లాసులో ఎక్కుతూ ఎక్కుతూ ఉండగా, మనవరాలి వంక ఒకసారి చూసి, అంచుకి రెండు వేళ్ళ ఖాళీ ఉందనగా కట్టేసింది.