పెద్దవాడే ముందు అడగాలి

నాచారంలో ఆటో ఎక్కింది మొదలు హరిచందన మనసులోనే ఉమాపతి సారును దులిపేస్తూ ఉంది. చిల్కానగర్‌లో ఆయన గుమ్మం ముందు దిగేసరికి ఆ కోపమంతా మింగేసి బుద్ధిగా బెల్లు కొట్టింది.

ఆయన ఆమె పరిశోధనకు గైడు. బౌద్ధ భిక్షువుల నియమాల మీద ఆమె పాళీ నుంచి చేసిన అనువాదం మొన్న ఆయన వ్యాసంలో, ఆయన పేరుతోనే అచ్చయింది. ఆమె పేరు పేజీ అడుగున కూడా లేదు. అడుగుదామంటే, రేపు థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. నీళ్ళలో ఉండి మొసలితో వైరమా?

ఇవాళ చూడాల్సింది ప్రవారణ అధ్యాయం. వానాకాలమంతా ఒక్కచోట గడిపిన భిక్షువులు, విడిపోయే ముందు తమ తప్పులు చెప్పమని ఒకరినొకరు కోరే ఆచారం అది. అందరిలోకీ పెద్దవాడే ముందు, నేల మీద కూర్చుని చేతులు జోడించి, మూడుసార్లు అడగాలి. మన ఆఫీసుల్లో పెడితే ఎంత బాగుండు!

అనువాదాన్ని పైకి చదివి వింటేగాని ఉమాపతికి తృప్తి ఉండదు. "జర విను" అని మొదలుపెట్టాడు.

"నాలో తప్పు చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి. తెలిస్తే దిద్దుకుంటాను."

మళ్ళీ చదివాడు. మూడోసారికి కుర్చీ దిగి, మోకాళ్ళ నొప్పికి మూలుగుతూ నేల మీద కూర్చుని, చేతులు జోడించాడు. అంత పెద్దాయన అలా కూర్చునేసరికి హరిచందన కుర్చీలో ఉండలేకపోయింది. తనూ కింద కూర్చుంది.

"సార్, మీ వ్యాసంలో అనువాదం నాది. నా పేరు వేయలేదు" అనేసింది.

ఉమాపతి తల వంచుకున్నాడు. "అవునమ్మా. తర్వాత సూద్దాం తియ్ అనుకున్న. తప్పు జేసిన."

అక్కడికక్కడే పత్రిక సంపాదకుడికి ఫోన్ చేసి, వచ్చే సంచికలో ఆమె పేరుతో సవరణ వేయమన్నాడు. హరిచందనకు ఆనందంతో కళ్ళు చెమర్చాయి. లేవబోయింది.

"కూసో. ఇగ నీ వంతు."

ఆచారం ఆచారమే కదా. ఆమె చేతులు జోడించి, కొంచెం నవ్వుతూనే ఆ మాటలు అంది.

"విన్నదొకటుంది" అన్నాడాయన మెల్లగా. "సారు దొంగ అని క్యాంటీన్ల జెప్పినవ్, లైబ్రరీల జెప్పినవ్. నాకొక్కనికే జెప్పలే. జెప్తే గప్పుడే దిద్దుకుంటుంటి గదమ్మా."

హరిచందన చెవులు వేడెక్కాయి.

"దిద్దుకుంటాను సార్" అంది. కానీ ఎవరెవరికి చెప్పిందో తలుచుకుంటే సగం పేర్లు గుర్తుకే రాలేదు.