నా సంచికి వేలాడే పచ్చగాజులు

సభలో నాయకుడి నోటి ముందు తల వంచుకుని నిలబడే జాతి కాదు నాది. నేను ఒక షూటింగు మైకును. జానెడు పొడవు, బొటనవేలంత లావు, నల్లటి ఒళ్ళు. నన్ను పొడుగాటి గడ చివర బిగించి, మాట్లాడేవాళ్ళ తలల మీదుగా పట్టుకుంటారు. గాలి కొట్టే చోట నాకు బొచ్చుతొడుగు వేస్తారు. అప్పుడు నన్ను చూసి పిల్లలు కుక్కపిల్ల అనుకుంటారు. పెద్దవాళ్ళు చచ్చిన ఎలుకను కర్రకు గుచ్చారనుకుంటారు. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

నేను ఎటు చూస్తే అటే వింటాను. పక్కన గొప్పవాడు నిలబడి అరిచినా సరే, నాకు ఎదురుగా ఉన్న మనిషి మెల్లగా అన్న మాటే నాకు ముఖ్యం. ఈ గుణం మనుషుల్లో తక్కువ. వాళ్ళు మాట వినే ముందు మనిషిని చూస్తారు. నుదురు చూస్తారు, మెడ చూస్తారు, చేతులు చూస్తారు. ఆ తరువాత వినాలో వద్దో తేల్చుకుంటారు.

నేను పుట్టింది ఏదో చల్లటి దేశంలో, దుమ్ము చొరబడని గదిలో. ఉల్లిపొరకంటే పల్చటి రేకును నా గుండెలో బిగించి, నన్ను పెట్టెలో పెట్టి హైదరాబాదు పంపారు. అక్కడ ఒక సినిమా కంపెనీలో చేరాను. ఎండలో, వర్షపు మిషను కింద, గుర్రాల మధ్య ప్రాణం పెట్టి పనిచేశాను. హీరో పలికిన ప్రతి మాటా పట్టాను. తీరా చూస్తే నేను పట్టిందంతా ఆనవాలు కోసమేనట! తరువాత ఏసీ గదిలో కూర్చుని మాటలన్నీ మళ్ళీ చెప్పుకుంటారు. ఏడ్చిన అమ్మాయి ఒకరు, ఆ ఏడుపు గొంతు ఇంకొకరిది. నేను పట్టిన నిజం ఏడుపును మాత్రం తుడిచేస్తారు. నా మీద ఇంత పెత్తనం చేసిన మనుషులు నేను విన్నదాన్ని ఒక్కసారి కూడా నమ్మలేదు. చివరికి వైరు దూర్చే చోట నాకు కొంచెం వదులు రాగానే పాత సామాన్ల కొట్టుకు అమ్మేశారు.

అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్నది దమయంతి. ఆమె హైదరాబాదులో సినిమాల శబ్దాలు అతికే గదిలో చాలా కాలం పనిచేసి, సముద్రం ఒడ్డునున్న తన ఊరికి తిరిగి వచ్చేసింది. చేపల ఐసు గోదాం పక్కన గది అద్దెకు తీసుకుని, ఊళ్ళో ఆడవాళ్ళకు వీడియో పని నేర్పడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఊళ్ళో పండగలు వాళ్ళే తీయాలని, దాంతో బతకాలని ఆమె ఆలోచన. వచ్చినవాళ్ళంతా చేపలు అమ్ముకునేవాళ్ళు. గట్టిగా అరిచి అరిచి గొంతులు అరిగినవాళ్ళు. వాళ్ళకు వినడం నేర్పాలి.

మొదటి రోజు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నూకరత్నం అనే ఆవిడ అదిరిపడింది. "ఓలమ్మో! మన ఈదిలో ఇన్ని సప్పుళ్ళు ఉన్నాయేటి? గోడ మీద బల్లి నడత్తన్నట్టు కూడా ఇనబడతంది!" అంది. మిగతావాళ్ళు హెడ్‌ఫోన్ల కోసం ఎగబడ్డారు.

రెండో పాఠం దగ్గర అసలు గొడవ వచ్చింది. ఒకరు మాట్లాడాలి, ఒకరు నన్ను పట్టుకోవాలి. పైడితల్లి పట్టుకుంది. ఆమె నవ్వితే గది నవ్వుతుంది, నడిస్తే గాజులు పలుకుతాయి. రికార్డు చేసింది వింటే మాట తక్కువ, గలగల ఎక్కువ. తప్పు వైరుదన్నారు. తప్పు నాదన్నారు. "ముసిలి మైకు, దానికి సెవుడొచ్చింది" అని కూడా అన్నారు. నేను విన్నదే చెప్పాను.

దమయంతి అసలు సంగతి చెప్పింది. "మైకు పట్టే చేతికి గాజులుండకూడదు. గడ మీద తగిలితే ప్రతి చప్పుడూ లోపలికి పోతుంది."

అందరూ తమ చేతుల వైపు చూసుకున్నారు. పెళ్ళయిన చేతికి మట్టిగాజులు తీస్తారా? మొగుడు సముద్రం మీదుండగా తీస్తారా? పైడితల్లి గాజులకు తువ్వాలు చుట్టి చూసింది. తువ్వాల్లోంచి కూడా కటకటలాడాయి, పైగా పట్టు జారింది. అప్పుడు ఒక్కొక్కరి చూపూ తిరిగి తిరిగి నూకరత్నం చేతుల మీద ఆగింది. ఆమె మొగుణ్ణి తుపాను తీసుకుపోయింది. పెద్దకర్మనాడు గాజులు పగలగొట్టించారు. అప్పటినుంచి ఆ చేతులు బోసివే.

"నూకరత్నం సేత్తే సరిపోద్ది. దానికి తియ్యక్కర్లేదు కదా" అంది పైడితల్లి. చెడ్డ మనసుతో అనలేదు. మంచి మనసుతో అన్న మాటలే ఒక్కోసారి ఎక్కువ గుచ్చుకుంటాయి.

నూకరత్నం లేచి నిలబడింది. "అయితే నా మొగుడు పోడం మీకు కలిసొచ్చిందన్నమాట. నా సేతులు బోసిగా ఉన్నాయని పని ఇత్తన్నారు గానీ, నాకు పని వొచ్చని కాదు. మీ పనీ వొద్దు, మీ మైకూ వొద్దు" అని వెళ్ళిపోయింది.

మర్నాడు వచ్చింది. తలుపు దగ్గరే అందరికీ వినిపించింది ఆమె రాక. రెండు చేతులకూ నిండా పచ్చగాజులు. ఒకావిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నూకరత్నం ఎవరి ముఖమూ చూడలేదు. నా ముందు చాప మీద కూర్చుని గాజులు ఒక్కొక్కటే నెమ్మదిగా తీసింది. ఒక్కటి కూడా చిట్లలేదు. అన్నిటికీ దారం గుచ్చి నా సంచి హ్యాండిలుకు కట్టింది.

"ఇప్పుడు ఇవ్వండి మేడమ్. ఇయి నాను తీసినాను. ఎవులూ పగలగొట్టలేదు. పనైపోయాక మళ్ళీ ఏసుకుంటాను."

ఆ రోజు నుంచి నేను నూకరత్నం మైకును. ఎందరో పట్టుకున్నారు నన్ను. చేయి మారడం వేరు, చేయి దొరకడం వేరు.

ఆమెకు అప్పటికి అక్షరాలు రావు. కంప్యూటరులో శబ్దం గీతలుగా లేచి పడుతూ కనిపిస్తుంది. "ఇయి అలలే కదా" అంది. ఊపిరి తీసుకునే చోటు, మాట విరిగే చోటు, దగ్గు వచ్చే చోటు అలల్ని చూసి చెప్పేది. ఎక్కడ కోయాలో, ఎక్కడ అతకాలో నేర్చింది. అతుకు తెలియకుండా ఉండాలంటే, మాటలన్నీ అయ్యాక ఎవరూ మాట్లాడని ఆ గది చప్పుడును కూడా కాసేపు పట్టుకోవాలని నేర్చింది. దాన్ని ఆమె 'గది ఊపిరి' అనేది. తను చేసిన ముక్కలకు పేర్లు పెట్టుకోవాలని ఓనమాలు కూడా అప్పుడే దిద్దింది.

తరువాత శిరీష పెళ్ళి వచ్చింది. అదే ఊరి పిల్ల. తండ్రి లేడు. పెదనాన్న గురయ్య పెళ్ళి జరిపిస్తున్నాడు. గడకు నన్ను బిగించి నూకరత్నం పందిట్లోకి అడుగు పెట్టబోయింది. గురయ్య అడ్డంగా నిలబడ్డాడు.

"ఏటమ్మా, బోసి సేతుల్తోటి పందిట్లోకి వొచ్చేత్తన్నావు?"

"పనికోసం తీసినాను బాబూ. అదిగో, సంచికి ఉన్నాయి గాజులు."

"నీకు గాజులేటి? నీ మొగుడు పోయినట్టు ఊరికి తెలీదనుకున్నావేటి?"

చూశారా! గాజులు లేకపోతే అపశకునం, ఉంటే అపరాధం. మనుషుల తూకం ఇలాగే ఉంటుంది. దమయంతి ముఖం ఎర్రబడింది. కెమెరాలు మూసేసి అందరం వెళ్ళిపోదామంది. నూకరత్నం ఆపింది. "మనం ఎల్లిపోతే పిల్ల పెళ్ళికి బొమ్మ ఉండదు. ఆ పిల్లేం సేసింది? మేళాల సప్పుడికి కెమెరా మీదున్న సిన్న మైకు సాలు. దీన్ని నాతో తీసుకెల్తాను" అంది.

పెరట్లోకి వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కోపంతో నన్ను అటూ ఇటూ తిప్పింది. గాడిపొయ్యి విన్నాను. కాకిని విన్నాను. ఇంటివైపు తిప్పగానే, సామాన్ల గది తలుపు వెనకనుంచి సన్నటి పాట ఒకటి విన్నాను. నూకరత్నం చేయి ఆగిపోయింది. మెల్లగా తలుపు తోసింది.

బియ్యం బస్తాల మధ్య శిరీష తల్లి వరహాలమ్మ కూర్చుని ఉంది. కొత్త చీర కట్టుకుంది. కూతురి పెళ్ళి జరుగుతుంటే పందిట్లోకి రాకూడదు గనక, అక్కడే కూర్చుని అప్పగింతల పాట గోడకు పాడుకుంటోంది.

నూకరత్నం నన్ను ఆమె వైపు వంచింది.

"నన్నెందుకు తియ్యడం వదినా? నాను పందిట్లోకి పోకూడదు కదా" అంది వరహాలమ్మ.

"నువ్వు పోకూడదన్నారు. నీ గొంతు పోకూడదని ఎవులన్నారు?"

వరహాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని నా వైపు జరిగింది. నూకరత్నం గబగబా తలుపుకు బొంతలు వేలాడదీసింది, కిటికీలో దిండు కుక్కింది. మేళం ఆగే వరకు ఇద్దరూ కాచుకున్నారు. ఆగగానే వరహాలమ్మ పాడింది.

"ఒడ్డు దాటే నా పడవా, ఒంటిగెల్లకు తల్లీ,
ఉప్పుగాలికి నా ఊపిరి తోడు పంపినానే..."

గొంతు రెండుచోట్ల తెగింది. నేను తెగినదాన్ని తెగినట్టే పట్టాను. హైదరాబాదు గదుల్లో ఎవరూ చెప్పించలేని ఏడుపు అది. పాట అయ్యాక నూకరత్నం వేలు పెదవుల మీద పెట్టుకుంది. "ఇప్పుడేటీ మాటాడకు. ఈ గది ఊపిరి కావాల నాకు." ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మైకు, బియ్యం బస్తాలు. ఆ మౌనం కూడా నా దగ్గరుంది.

అప్పగింతల బొమ్మ మీద నూకరత్నం ఆ పాట పరిచింది. గురయ్య శిరీష చేతిని అత్తగారి చేతిలో పెడుతుంటాడు. పందిరంతా తల్లి గొంతు. మనిషిని గదిలో పెట్టారు గానీ, పెళ్ళంతా ఆమే ఉంది.

శిరీష పుట్టింటికి వచ్చినప్పుడు గురయ్య ఇంట్లో అందరూ కూర్చుని వీడియో చూశారు. పాట మొదలవగానే ఆయన లేచాడు. "ఎవులు పెట్టమన్నారిది? శుభమా అని పెళ్ళి సేత్తే, అందులో ముండమోపి ఏడుపా? తీసెయ్యండి. తియ్యకపోతే ఈ ఊళ్ళో ఇంకో పెళ్ళి మీకు దొరకదు."

పైడితల్లి నూకరత్నం కొంగు లాగింది. ఊళ్ళో పెళ్ళిళ్ళు లేకపోతే ఐసు గోదాం పక్కన ఆ గదే ఉండదు. అది అందరికీ తెలుసు. నూకరత్నానికి ఇంకా బాగా తెలుసు.

"తియ్యడం వొచ్చు బాబూ నాకు. ఒక్క మీట నొక్కితే పోద్ది. వొచ్చినా తియ్యను" అంది.

ఆయన పళ్ళు కొరికాడు. అప్పుడు మూలనుంచి కొత్త పెళ్ళికూతురు శిరీష అంది. "పిన్నీ, మళ్ళీ మొదట్నుంచి పెట్టు. అమ్మని కూడా పిలవండి. అమ్మ పక్కన కూకుని ఇంటాను."

అలాగే విన్నారు. గురయ్య చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ పెళ్ళిళ్ళ కాలమంతా ఊళ్ళో ఒక్క ఇంటి నుంచీ మాకు పిలుపు రాలేదు. పక్క ఊళ్ళకు బస్సుల్లో తిరిగి పనిచేశాం. బస్సు అదిరినప్పుడల్లా నా సంచికున్న గాజులు పలికేవి. కండక్టరు తిరిగి చూసేవాడు. నూకరత్నం సంచిని ఇంకాస్త పైకి పట్టుకునేది.

ఒక ఉదయం గది తలుపు దగ్గర వరహాలమ్మ నిలబడి ఉంది. "నాకూ నేర్పుతావేటి, వదినా? సేతులు బోసివే కదా, మైకు పట్టడానికి పనికొత్తాయి" అంది, నవ్వబోయి నవ్వలేక.

నూకరత్నం నా సంచి దగ్గరికి వచ్చింది. దారం విప్పింది. పచ్చగాజుల్లో సగం తీసి ఆమె ముందు పెట్టింది.

"ముందు ఇయి ఏసుకో. మైకు పట్టేటప్పుడు తియ్యాల. తియ్యాలంటే ఉండాల కదా!"

ఇప్పుడు నాకు ఒళ్ళంతా సొట్టలు. గుండెలో రేకు అలసిపోయింది. కొత్త మైకులు వచ్చాయి, సన్నవి, వైరు అక్కర్లేనివి. నన్ను అద్దాల పెట్టెలో పెట్టి గౌరవిద్దామని దమయంతి అంటోంది. గౌరవమంటే ఏమిటో నాకు తెలుసు. గదిలో పెట్టి తలుపు వేయడం. వరహాలమ్మకు అది చేశారు. నాకు వద్దు. ఈ రేకు చిరిగే దాకా నన్ను గడకు బిగించండి. ఏ తలుపు మూసి ఉందో అటు తిప్పండి.

ఉండండి, ఆగండి. వరహాలమ్మ గాజులు తీస్తోంది. పని మొదలవబోతోంది.