కిటికీ బల్ల మీది నాలుగు సీసాలు

నేను ఒక స్టీలు స్టాండుని. మధ్యలో ఒక పిడి, చుట్టూ నాలుగు గాజు సీసాలు, వాటికి మూతలు, మూతల సందుల్లోంచి బయటికి చూసే చెంచాలు. ఒక సీసాలో ఎండు కారం, ఒకదానిలో పంచదార, ఇంకోదానిలో పచ్చిమిరప ముక్కలు తేలే వెనిగర్, చివరిదానిలో చేప సాస్. మా దేశంలో ఉప్పు పని ఈ చివరిదే చేస్తుంది. మీ పోపుల డబ్బాకి నన్ను దూరపు చుట్టం అనుకోండి. కాకపోతే అది వంటింట్లో ఉంటుంది, నేను తినేవాళ్ల ముందుంటాను. ఆ తేడా మీకు చిన్నదిగా కనిపించవచ్చు గానీ, నా బతుకంతా దాని మీదే నడిచింది.

బ్యాంకాక్ శివార్లలో ఒక రేకుల షెడ్డులో నన్ను వంచి, అతికి, మెరుగు పెట్టారు. హువా హిన్ అనే ఊరి సంతలో రత్తనా అనే వంటమనిషి నన్నూ నా తోడబుట్టినవాళ్లనీ బేరమాడి కొంది. అక్కడి హోటల్లో ఆవిడతో పాటే వండే విశాఖపట్నం కుర్రాడు పైడిరాజుని అప్పటికే పెళ్లి చేసుకుంది. ఆవిడ బట్టల మడతల మధ్య సూట్‌కేసులో దొర్లుకుంటూ నేను ఎం.వి.పి. కాలనీ చేరాను. ఒక అపార్ట్‌మెంటు కింద పాత జిరాక్స్ షాపు ఖాళీ అయితే అందులో 'రత్తనా థాయ్ కిచెన్' అని బోర్డు పెట్టారు. జనం దాన్ని రత్నమ్మ హోటల్ అన్నారు. ఆవిడా ఆ పేరుకే పలికింది.

నాకు కిటికీ పక్క బల్ల దక్కింది. అక్కడ కూర్చుని మనుషుల్ని బాగానే చూశాను. కొత్తవాళ్లు ముందు నన్ను ఫోటో తీస్తారు. పిల్లలు పంచదార సీసా ఖాళీ చేస్తారు. ఒకాయన సంచిలోంచి ఆవకాయ తీసి నూడుల్స్‌లో కలుపుకుని, అప్పుడు గానీ ప్రాణం కుదుటపడలేదన్నాడు. ఉల్లిపాయ, నిమ్మచెక్క అడగనివాళ్లు అరుదు. రత్తనా వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసి సంతోషించేది. వాళ్ల ఊళ్లో వంట సగమే వంటమనిషిది. మిగతా సగం తినేవాడు నా దగ్గర పూర్తిచేసుకుంటాడు.

పైడిరాజుకి మాత్రం ఇది తలవంపులుగా ఉండేది. ఎవరు నా మూత తీసినా, తన భార్య వంటకి వంక పెట్టినట్టు మొహం ముడుచుకునేవాడు. చివరికి ఒకరోజు చెప్పేశాడు.

"దసరా వెళ్లాక ఈ స్టాండ్లు తీసేద్దాం రత్నా. మసాలా, కారం కూరలోనే దిట్టంగా వేసేద్దాం. ఇంకెవరూ ఏటీ కలుపుకోక్కర్లేదు."

"మసాలా వేసిన రోజు నేను వంటింట్లోకి రాను," అంది రత్తనా. "ఆ వంటకి నేనెందుకు? ఎవరినైనా పెట్టుకో."

ఆవిడ మాట మీద నిలబడే మనిషని అతనికి తెలుసు. అందుకే సాక్ష్యం వెతికాడు. ఆ సాక్ష్యం పేరు హైమావతి.

హైమావతి గారు పక్క వీధిలో ఉంటారు. భర్త జగ్గారావు గారు పోర్టులో పనిచేసి రిటైరయ్యారు. శుక్రవారం సాయంత్రాలు ఆయన పేకాటకి క్లబ్బుకి వెళితే ఈవిడ ఒక్కరూ మా కిటికీ బల్ల దగ్గరికి వచ్చేవారు. నూడుల్స్ సూప్ చెప్పి, పెట్టింది పెట్టినట్టు చివరి చుక్క దాకా తినేవారు. నా మూత మీద ఒక్క వేలు కూడా వేసేవారు కాదు.

"చూడు, ఆవిడెప్పుడైనా ముట్టుకున్నారేటి? పెద్దింటి మనిషి, మర్యాద తెలుసు," అనేవాడు పైడిరాజు.

"ఆవిడ తినడం లేదు, మింగుతున్నారు," అనేది రత్తనా. హోటల్ మొత్తం మీద రత్తనాని బాధపెట్టింది హైమావతి గారు ముట్టని ఆ సీసాలే. నాకూ చిన్నతనంగానే ఉండేది, దాచడమెందుకు.

దసరా దగ్గరపడింది. మసాలా పొడుల డబ్బాలు వచ్చి కౌంటర్ కింద కూర్చున్నాయి. ఆ శుక్రవారం క్లబ్బుకి సున్నాలు వేస్తున్నారని జగ్గారావు గారు కూడా భార్య వెంట వచ్చారు. సూప్ వచ్చింది. ఆయన రుచైనా చూడకుండా నన్ను ముందుకి లాక్కుని చేప సాస్ చెంచా మీద చెంచా పోసుకున్నారు. పైన కారం కుమ్మరించారు.

"ఏమండీ, ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని వేసుకోవచ్చు కదా," అన్నారు హైమావతి గారు, గొంతు తగ్గించి.

"పెళ్లయిన దగ్గర్నుంచీ వేసుకుంటున్నాను, ఇవాళ కొత్తేటి? భలే ఉందోయ్ ఇది."

ఆవిడ మొహం కందిపోయింది. పైడిరాజు కౌంటర్ దగ్గర తల దించుకున్నాడు. రత్తనా మాత్రం చేతులు తుడుచుకుంటూ నవ్వు మొహంతో వచ్చింది. హైమావతి గారు ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

"ఏమీ అనుకోకు తల్లీ. ఇంట్లో కూడా ఇంతే. నేను వండింది నోట్లో పెట్టకుండానే ఉప్పు వేసుకుంటారు. వేసుకున్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఇంకో ఆడదాని వంటకి నేనా పని చెయ్యకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఒకరు వండి పెడితే కూర్చుని తినడమే నాకు పండగ. అందుకే వస్తాను."

జగ్గారావు గారి చెంచా గాలిలో ఆగింది.

"మరి సూప్ బాగుంటుందా మీకు?" అంది రత్తనా.

హైమావతి గారు అబద్ధమాడడానికి నోరు తెరిచి, మళ్లీ మూసేశారు. "కొంచెం చప్పగా ఉంటుందమ్మా."

"చప్పగానే ఇస్తానమ్మగారూ. మిగతాది మీకోసం వదిలిపెడతాను. నా చెయ్యి అక్కడి దాకే. నాలుక మీది కదా." నన్ను ఆవిడ వైపు తిప్పింది. "ఏం కావాలి మీకు? తీపా, కారమా, పులుపా?"

హైమావతి గారి చెయ్యి నా మూతల మీద తచ్చాడింది. ఎంతసేపటికీ ఎక్కడా ఆగలేదు.

"తెలీదమ్మా," అన్నారు. "ఈయనకి ఉప్పు కావాలి. మా అత్తగారికి కారం పడేది కాదు. పిల్లలకి తీపి. వాళ్లందరికీ సరిపడా వండాను. నాకేం కావాలో నేనెప్పుడూ చూసుకోలేదు."

నేను చాలామంది చేతులు చూశాను. ఇలాంటి చెయ్యి చూడలేదు. జాలేసింది నాకు.

రత్తనా పక్కనే కూర్చుంది. చిన్న గిన్నెల్లో సూప్ పోసి, ఒకదానిలో పంచదార, ఒకదానిలో కారం, ఒకదానిలో వెనిగర్ వేసింది. హైమావతి గారు ఒక్కొక్కటే నాలుకకి తగిలించుకున్నారు. వెనిగర్ గిన్నె దగ్గర కళ్లు మూసుకున్నారు. తర్వాత నా మూత తానే తీసి, తన గిన్నెలో ఒక చెంచా వేసుకున్నారు. ఇంకో చెంచా వేసుకున్నారు.

"నాకు పులుపు ఇష్టం," అన్నారు, ఎవరి గురించో చెప్తున్నట్టు.

"ఎప్పుడూ చెప్పలేదే," అన్నారు జగ్గారావు గారు.

"నాకూ ఇప్పుడే తెలిసిందండీ."

పైడిరాజు ఇదంతా చూశాడు. అతని సాక్ష్యం అతని కళ్ల ముందే మూత తీసి, ఇన్నాళ్లలో మొదటిసారి రెండో గిన్నె సూప్ అడిగింది. మర్నాడు మసాలా డబ్బాల్ని కొన్న కొట్టుకే తిప్పి పంపి, వెనిగర్ క్యాన్ తెచ్చాడు. రత్తనా దాన్ని అందుకుని నా సీసా నింపింది. మొగుడూ పెళ్లాల రాజీలు ఇలాగే ఉంటాయని నాకప్పటికి అర్థమైంది.

కొన్నాళ్లకి నా పిడి అతుకు వదిలింది. బల్లల మీదికి కొత్త స్టాండ్లు వచ్చాయి. పాత ఇనుము వాడి సంచిలోకి వెళ్లాల్సిన నన్ను హైమావతి గారు అడిగి ఇంటికి తీసుకెళ్లారు. పిడికి రాగి తీగ చుట్టారు. ఇప్పుడు నాలో ఉప్పు, కారం, బెల్లం పొడి, నిమ్మరసం ఉంటాయి. చేప సాస్ వాసన మాత్రం ఎన్నిసార్లు కడిగినా పోలేదు. అది నా పుట్టింటి వాసన, పోనక్కర్లేదు.

మధ్యాహ్నం ఆవిడ చింతకాయ పప్పు వండుతారు. జగ్గారావు గారి చెయ్యి అలవాటు కొద్దీ ముందు ఉప్పు మూత మీదికి వస్తుంది. అక్కడ ఆగుతుంది. ముందు ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటారు.

"పుల్లగా ఉందోయ్," అంటారు.

"అవునండీ. నాకలాగే ఇష్టం," అని ఆవిడ నన్ను ఆయన వైపు జరుపుతారు.