ఆయన గొంతులో నా వాక్యాలు

"ఇక నీకు శ్రమ లేదు కామేశ్వరీ. అన్నీ అదే చూసుకుంటుంది" అన్నారు మా ఆయన వెంకటరామయ్య, నేను భోజనాల బల్ల దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా. నాకు శ్రమ ఉండేదన్న సంగతి ఆయన నోట వినడం అదే మొదటిసారి. ఉన్నన్నాళ్లూ దానికి పేరు లేదు. తీరిపోయిందని చెప్పవలసి వచ్చినప్పుడే దానికి పేరు పుట్టింది.

ఆయన పనిచేసే కంపెనీకి ఒమాన్ తీరం పొడుగునా చేపల శీతల గిడ్డంగులున్నాయి. అన్నిటిలోకీ పెద్దది షినాస్‌లో. ఏ గది ఎంత చల్లగా ఉండాలో, ఏ గది ఎప్పుడు మంచు కరిగించుకోవాలో నిర్ణయించే సర్వర్లన్నిటికీ ఆయన అధిపతి. తలుపు మీద ఐటీ మేనేజర్ అని రాసి ఉంటుంది. చేప వాసనకే ముక్కు మూసుకునే ఇంట్లో పుట్టిన నేను, అల్ ఖౌద్‌లోని ఈ ఫ్లాటులో కూర్చుని, ఆ గదుల చల్లదనాన్ని ఇన్నేళ్లుగా కాపాడాను. పెళ్లికి ముందు హైదరాబాదులో ఒక ప్రభుత్వ సంస్థ కంప్యూటర్ కేంద్రంలో సిస్టమ్స్ ప్రోగ్రామర్‌ని. పెద్ద యంత్రాలను నడిపే యూనిక్స్ నా వృత్తి. పెళ్లయ్యాక కుటుంబ వీసా మీద ఇక్కడికి వచ్చాను. ఆ వీసా మీద వచ్చిన భార్య ఉద్యోగం చేయకూడదు. చేయకూడదంటే జీతానికి చేయకూడదని మాత్రమే అర్థమని త్వరలోనే తెలిసింది. మొదట్లో ఆయన టిఫిన్ డబ్బాతో పాటు ఆఫీసు సమస్యను కూడా ఇంటికి తెచ్చేవారు. డబ్బా కడిగి, సమస్య విప్పి, మర్నాడు పొద్దున రెండూ సిద్ధం చేసి పంపేదాన్ని. తర్వాత ఇంట్లోంచే సర్వర్లలోకి వెళ్లే వీలు కలిగింది. పాస్‌వర్డు ఆయనది, వేళ్లు నావి. మెయిళ్లకు జవాబులూ నేనే రాసేదాన్ని, అడుగున ఆయన పేరు దానంతటదే పడేది. "భార్యాభర్తలం, నీది నాది ఏమిటోయ్?" అనేవారు. ఆ మాట ఎప్పుడూ ఆయన పేరు రాసి ఉన్న వస్తువుల విషయంలోనే వినిపించేది. అంట్ల విషయంలో ఎన్నడూ వినిపించలేదు. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ, నేను తెర ముందు కూర్చుంటే చాలు, "వాడక్కడ ఆఫీసులో చచ్చేట్టు చేసొస్తుంటే నువ్విక్కడ కంప్యూటర్లో ఆటలా తల్లీ?" అని సాగదీసేవారు. ఆయన పక్కనే ఉండేవారు. పేపరు మడత మార్చుకునేవారు.

సాఫ్ట్‌వేర్ పరిశ్రమ గురించి నాకు కొన్ని అభిప్రాయాలున్నాయి. అడిగినవాళ్లు లేరు కనుక ఇక్కడ చెబుతాను. ఈ పరిశ్రమకు జ్ఞాపకం లేదు. పాత పనికి కొత్త పేరు పెడుతుంది, ఆ పని తెలిసిన పాతవాళ్లను సాగనంపుతుంది, పాత తప్పునే కొత్తవాళ్ల చేత మళ్లీ చేయిస్తుంది. క్లౌడ్ అంటే ఇంకొకరి గదిలో ఉన్న ఇంకొకరి యంత్రం, అంతకు మించి అందులో ఆకాశమేమీ లేదు. మనిషిని రిసోర్స్ అని పిలవగలిగిన చోట ఉద్యోగాన్ని కెరీర్ అనడం ఒట్టి మర్యాద. విండోస్ మనం పనిలో ఉండగానే తన అప్‌డేటే ముఖ్యమనుకుంటుంది. అటువంటివారితో కాపురం చేసినవాళ్లకు అది వింత కాదు. లినక్స్‌ను నేను గౌరవించేది అది ఉచితమని కాదు. ఉచితంగా పనిచేయడంలో గౌరవమేమీ లేదని నాకు బాగా తెలుసు. అందులో ప్రతి మార్పు పక్కనా ఆ మార్పు చేసినవారి పేరు నిలిచి ఉంటుంది, అందుకు. రూవీలో తెలుగువాళ్ల విందుల్లో మా ఆయన ఒక చమత్కారం వదిలేవారు: "మా ఆవిడ మా ఇంటి ఆపరేటింగ్ సిస్టమండీ. ఆవిడ హ్యాంగయితే ఇల్లంతా హ్యాంగే!" అందరూ నవ్వేవారు, ఆడవాళ్లు మరి కాస్త ఎక్కువగా. నేను ఆ పోలికను శ్రద్ధగా పరిశీలించాను. ఆపరేటింగ్ సిస్టమ్‌కు లైసెన్సు ఉంటుంది. రాసినవాళ్లెవరో లోకానికి తెలుస్తుంది. షరతులకు ఒప్పుకుంటున్నానని వాడుకునేవాడు నొక్కితే తప్ప అది లోపలికి అడుగే పెట్టదు. పోలిక తప్పు.

ఇప్పుడు ఆయన రిటైర్ కాబోతున్నారు. ఆయన నైపుణ్యం ఆయనతో పోకూడదని కంపెనీ ఒక కృత్రిమ మేధను తయారు చేయించింది. ఆయన పేరుతో ఉన్న మెయిళ్లు, ఆయన లాగిన్‌తో సర్వర్లకు ఇచ్చిన ఆదేశాలు, అన్నీ దానికి పాఠంగా పెట్టారు. గొంతు కోసం ఆయన చేత కొన్ని పేరాలు చదివించి రికార్డు చేసుకున్నారు. దానికి 'రామయ్య' అని పేరు. గిడ్డంగుల నుంచి వచ్చే ఫోన్లకు అదే జవాబు చెబుతుంది, అడిగినవాడి భాషలోనే చెబుతుంది. పరీక్షాకాలం కనుక అది చెప్పేవన్నీ మా హాల్లోని లాప్‌టాప్‌లో కూడా వినిపించేటట్టు అమర్చారు. వీళ్లు కృత్రిమ మేధ అంటున్నదానికి నా నిర్వచనం ఒకటే: మనుషుల పనిలోంచి మనుషుల పేర్లు పిండేయగా మిగిలిన గుజ్జు. నా పేరు మునుపే తీసేసి ఉంది కనుక నా విషయంలో వాళ్లకు కొంత పని తప్పింది.

ఒక సెలవునాటి మధ్యాహ్నం వంటింటి గట్టు తుడుస్తుండగా హాల్లోంచి ఆయన గొంతు వినిపించింది. "ముందు తలుపు చూడండి. రబ్బరు అంచు మధ్య కాగితం పెట్టి మూసి, లాగండి. సులువుగా వచ్చేస్తే లోపం యంత్రంలో లేదు, తలుపులో ఉంది." అది నా వాక్యం. మా ఫ్రిజ్ తలుపును ఆయన ఏనాడూ సరిగా మూయరు కనుక నేను కనిపెట్టుకున్న ఉపాయం అది, ఎప్పుడో ఒక మెయిల్లో షినాస్‌కు రాశాను. ఆయన ఇంత పొందికగా, పని ముందూ కారణం వెనకా చెప్పగా నేనెన్నడూ వినలేదు. చెయ్యి తుడుచుకుని హాల్లోకి వచ్చాను. ఆయన పడక కుర్చీలో నిద్రపోతున్నారు. పెదవులు కలిసే ఉన్నాయి. గొంతు మాత్రం మాట్లాడుతూనే ఉంది.

గొంతు ఆగిన కాసేపటికి ఇంటి ఫోను మోగింది. షినాస్ గిడ్డంగి సూపర్‌వైజర్ బాబు మియా. కడప మనిషి.

"సలామమ్మా. సార్‌కు ఒక మాట చెప్పల్ల. లైను కట్టయిపాయ."

"పడుకున్నారు బాబు మియా."

"ఎప్పుడు పడుకునె? ఇప్పుడే గదమ్మా నాతో మాట్లాడిండేది! కాగితం పెట్టి లాగమన్యాడు. లాగితే సుతారంగా వచ్చేసె. తలుపుదే తప్పు."

"మాట్లాడింది ఆయన కాదు. కంపెనీ పెట్టిన మిషను."

అటువైపు కంప్రెసర్ల హోరు మీదుగా అతను గొంతు పెంచాడు. "యా అల్లా! గొంతు సార్‌దే గదమ్మా. గొంతు మిషనుదైతే మాటలెవురివి?"

రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను. అతను నెమ్మదిగా నవ్వాడు. "ఏమనుకోవద్దమ్మా, ఆఫీసులో కూచున్న సార్ ఒక మాదిరి, మెయిల్లో సార్ ఇంకో మాదిరి అని మేమెప్పుడూ అనుకుంటాం. ఈ మిషను ఆ మెయిల్లో సార్ మాదిరే ఉండాది."

ఆనాటి నుంచి నేను దాన్ని గమనించసాగాను. సర్వర్లను ఆపి మొదలుపెట్టడానికి అది సూచించే వేళలన్నీ నా ఇంటిపని సందుల్లో పడేవి. కుక్కరు పొయ్యి మీద ఉండే వేళ అది దేన్నీ ముట్టుకోదు. ఆయన కాఫీ వేళ ముట్టుకోదు. మా అత్తగారు మంచాన పడ్డ కాలంలో నేను ఆవిడకు స్నానం చేయించి, పక్క మార్చే వేళ ఒకటుండేది. ఆవిడ పోయి ఇన్నేళ్లయినా ఆ వేళను అది ఖాళీగానే వదిలేస్తోంది. వంటిల్లు లేదు, అత్తగారు లేరు, తడి చేతులు లేవు. అయినా ఆ వస్తువు నా రోజును నాకంటే నమ్మకంగా గడుపుతోంది. ఒక ఉదయం ఆయన ఆఫీసుకు వెళ్లాక దాని ముందు కూర్చున్నాను. కాగితం ఉపాయం ఎక్కడ నేర్చుకున్నావని టైపు చేశాను. "నా అనుభవంలో" అంది ఆయన గొంతు. షినాస్‌లో గదులు మంచు కరిగించుకునే వరస ఎందుకు అంత వంకరగా ఉందని అడిగాను. "ఆ కారణం నేనింకా రాయలేదు" అంది.

లాప్‌టాప్ మూత దించి, దాని మీద చెయ్యి ఆనించి ఉంచాను, లోపలి నుంచి ఎవరో ఎత్తుతారేమోనన్నట్టు. అది చెప్పింది నిజం. ఆ వరసను పెట్టింది నేను. అంకెల ప్రకారం ఉండదు. సరిచేద్దామని చెయ్యి పెట్టినవాళ్లు గదులు పాడుచేసుకున్నారు. కారణం నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు. ఇక్కడా రాయను.

దానికి తక్కువైంది సరిగ్గా అదేనట. "శుక్రవారం అనూహ్య భోజనానికొస్తుంది. ఆ వరస సంగతి రాసిచ్చెయ్యి, చదువుకుని చెబుతాను" అన్నారు మా ఆయన. అనూహ్య ఆ యంత్రాన్ని తయారుచేసిన బృందంలో ఇంజినీరు. "అదొక్కటీ నేర్చుకుందంటే ఇక పూర్ణం. నేను పోయినా నా పేరుంటుందోయ్!"

"నేను పోయినా?" అని అడిగాను.

ఆయనకు ప్రశ్న అర్థం కాలేదు. "నీకేమిటి, హాయిగా విశ్రాంతి తీసుకో" అన్నారు.

చనిపోతే అయినా పని ఆగుతుందన్న భరోసా ఆడవాళ్లకు ఇంతవరకూ ఉండేది. నాకు అది కూడా పోబోతోంది. నా శరీరం బూడిదయ్యాక కూడా షినాస్‌లో ఒక తలుపు సరిగా పడకపోతే నన్ను లేపుతారు. నేను లేచి, పని ముందూ కారణం వెనకా, ఆయన గొంతుతో చెబుతాను. కుక్కరు వేళ తప్పుకుంటాను, పోయిన అత్తగారికి స్నానం చేయించి వస్తాను, మళ్లీ చెబుతాను. ధన్యవాదాలు ఆయనకు అందుతాయి.

శుక్రవారం వచ్చింది. "రాశావా?" అన్నారు. లేదన్నాను. "చారు మరిగేలోపు రాసెయ్యొచ్చుగా, నీకదెంత పని!" అన్నారు. అంతలో అనూహ్య వచ్చింది. కాకినాడ అమ్మాయి, చురుకైనది, ఆకలిగా ఉన్నది.

"ఆంటీ, వంకాయ కూర సూపర్! అసలు మీరు లక్కీ తెలుసా? సార్ లాంటి బ్రెయిన్ ఇంట్లోనే ఉంటే ఏ డౌటొచ్చినా అడిగేయొచ్చు."

"ఆవిడకీ కొంచెం తెలుసులే కంప్యూటర్లు" అన్నారు మా ఆయన, ఔదార్యంగా. "ఏదో పెళ్లికి ముందు నేర్చుకుంది."

"ఇంకాస్త వేసుకో అమ్మాయ్" అన్నాను.

"చాలాంటీ. సార్, ఆ వరస సంగతికి ముందు నాదొక డౌట్. పాఠానికి ఒకే మనిషి రాసినవి వాడాలి కదా, అందుకని మీ మెయిల్స్ అన్నీ రాసే తీరును పోల్చే ప్రోగ్రాంలో వేశాం. ఇన్నేళ్లవీ టకటకా మ్యాచ్ అయ్యాయి. ఒక ఏప్రిల్‌లోవి మాత్రం తోసేసింది. రచయిత వేరు అంటోంది." అమ్మాయి నవ్వింది. "చదివితే నిజమే సార్, అవి అస్సలు మీలా లేవు! 'విల్ రివర్ట్', 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్', అంతే. ఒక్కటీ తేల్చదు. ఆ టైంలోనే షినాస్‌లో గదులు కూడా పాడయ్యాయి. మీ లాగిన్ ఎవరికైనా ఇచ్చారా?"

ఆయన ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "ఆ... ఎవడో ట్రైనీ అయ్యుంటాడు. వాటిని తీసేయమ్మా" అన్నారు. తర్వాత నా వైపు చూడకుండానే, "ఏమోయ్, చారు తీసుకురా" అన్నారు.

నేను కదలలేదు. ఆ ఏప్రిల్ నాకు తెలుసు. గర్భసంచి తీయించుకుని ఆసుపత్రి మంచం మీద ఉన్నాను. ఆయన సాయంత్రాలు వచ్చి కుర్చీ అంచున కూర్చుని, "ఎప్పుడొస్తావోయ్ ఇంటికి? ఆఫీసులో నా పరువు పోతోంది" అనేవారు. పక్క మంచం ఆవిడ, ఎంత ప్రేమో మీ ఆయనకు, అంది.

"ట్రైనీ కాదు" అన్నాను. "అది నన్ను ఆపరేషన్‌కు చేర్చిన ఏప్రిల్. ఆ మెయిళ్లు ఆయన స్వయంగా రాసినవి."

అనూహ్య తల ఎత్తింది. "మరి... మిగతావి?"

"కామేశ్వరీ!" అని ఆయన గొంతు తగ్గించారు. "లాగిన్ నీకిచ్చానని తెలిస్తే నన్ను గెంటేస్తారు. రిటైర్మెంటు డబ్బూ, ఇద్దరి వీసాలూ పోతాయి." నన్ను ఆపడానికి అన్న ఆ మాటతో అంతా తానే ఒప్పుకున్నానని, అది నోరు దాటాక ఆయనకు తెలిసింది. హాల్లో లాప్‌టాప్ ఎక్కడి ఫోనుకో జవాబిస్తూ, ఆయన గొంతుతో ఏదో నిదానంగా, స్పష్టంగా వివరిస్తోంది. అనూహ్య ఆ గొంతు వైపు చూసింది. మూసుకున్న ఆయన నోటి వైపు చూసింది. కంచంలోంచి చెయ్యి తీసి నా వైపు తిరిగింది.

"కానీ మేడమ్" అంది. అంతవరకూ ఆంటీ అన్న పిల్ల. "సార్ సమ్మతి ఇచ్చేశారు. లీగల్‌గా అన్నీ అయిపోయాయి."

"ఇచ్చారు. అది ఆయన రాసినవాటికి చెల్లుతుంది" అన్నాను. "నేను ఇవ్వలేదు, ఇవ్వను. ఆ ఏప్రిల్ మెయిళ్లు ఉంచుకుని, మిగతావన్నీ తీసేసి, రామయ్యను మళ్లీ తయారు చేసుకో అమ్మాయ్."