ఊపిరికి చోటు

సంహిత కాలిఫోర్నియాకి వెళ్లిపోవడంతో నలుగురు కలిసి వాయించే వాళ్ల క్వార్టెట్ పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందే వినీత్‌కి దూరాన ఆష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. చెల్లో వాయించే రేణుకి పసిబిడ్డతో తీరిక లేదు. కాలేజీ రోజుల నుంచి ఆదివారాలు ఫార్మింగ్టన్ హిల్స్‌లో, దేదీప్య ఇంటి బేస్‌మెంట్‌లో వాయించుకున్న నలుగురిలో ఇక ఆమె ఒక్కతే మిగిలింది. వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన తన వయోలాని ఒంటరిగా వాయించి చూసింది. ఫోన్‌లో ఒకవైపు మాటలే విన్నట్టనిపించింది. పెట్టె మూసేసింది.

ఆ శరదృతువులో ఊరి ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్, ఆ నలుగురూ ఎప్పుడూ వాయించే పాత క్వార్టెట్ రచనని మొత్తం ఆర్కెస్ట్రా వాయించేలా తిరగరాసివ్వమని అడిగాడు. దేదీప్య వెంటనే ఒప్పుకుంది. పగలు ఆఫీసులో కారు సీట్ల డిజైన్లు, సాయంత్రాలు ఈ రాత. సంహిత వయొలిన్‌లో పైకెగిరే రాగం ఫ్లూట్‌కి ఇచ్చింది. రేణు చెల్లో బరువంతా అంతకన్నా పెద్దవైన డబుల్ బేస్‌లకి పంచింది. ఇక్కడ సంహిత తొందరపడేది, అక్కడ రేణు కళ్లురిమేది అనుకుంటూ రాస్తుంటే ఇల్లు కాస్త నిండినట్టుండేది. నెమ్మదిగా సాగే రెండో భాగంలో వయోలాకి ఒక పొడవైన రాగం ఉంది. దాన్ని ఒక్క స్వరమైనా మార్చకుండా క్లారినెట్‌కి ఇచ్చింది.

క్లారినెట్ ఊదేది రిటైరైన పిల్లల డాక్టర్ లీలావతి ఆంటీ. రిహార్సల్లో రాగం సగానికి రాగానే ఆవిడ ఆగిపోయింది. అందరూ ఆగారు.

"అమ్మాయ్, ఇందులో నేను ఊపిరెక్కడ తీసుకోవాలి?"

దేదీప్య ముఖం ఎర్రబడింది. వయోలా మీద కమాను అటూ ఇటూ తిరుగుతూ ఎంతసేపైనా సాగుతుంది. మనిషి ఊపిరి సాగదు.

"సారీ ఆంటీ. నేను వాయించినట్టే రాసేశాను."

"రాగం చాలా బాగుంది. కానీ ఒక్కదాని వల్ల కాదమ్మా. మధ్యలో ఇంకెవరికైనా ఇవ్వు, నేను మళ్లీ అందుకుంటా."

దేదీప్య ఇంటికొచ్చి సంహితకి ఫోన్ చేసింది. "మన స్లో మూవ్‌మెంట్‌లో నా సోలో గుర్తుందా? దాన్ని కట్ చేయాల్సొస్తోంది."

"ఏ సోలోనే? డ్రైవ్ చేస్తున్నా, మళ్లీ కాల్ చేస్తా."

కాల్ రాలేదు. ఏ స్వరాన్నీ వదులుకోబుద్ధి కాక చాలాసేపు కూర్చుంది దేదీప్య. చివరికి మధ్య ముక్క తీసి, ఇత్తడి బూరాలాంటి హార్న్‌కి ఇచ్చింది.

కచేరీ రోజు హాల్లో ప్రేక్షకుల మధ్య కూర్చోబోతుంటే ఆంటీ ఆపింది. "కింద కూర్చుని ఏం చేస్తావ్? వయోలాలు తక్కువున్నాయి, వచ్చి వాయించు."

ఎవరిదో అదనపు వయోలా, వయోలాల వరుసలో చివరి కుర్చీ దొరికాయి. ఆ పొడవైన రాగం కింద వయోలాలకి సాగదీసిన స్వరాలే రాసింది తను. క్లారినెట్ మొదలుపెట్టింది, హార్న్ అందుకుంది, మళ్లీ క్లారినెట్. అతుకెక్కడో తెలియలేదు. బాగుంది, తను వాయించిన దానికన్నా బాగుంది. దేదీప్య తన వయోలా ధ్వని కోసం చెవి పెట్టింది. వినిపించలేదు. బేస్‌మెంట్‌లో తను ఒక్క స్వరం తప్పు వాయించినా ముగ్గురూ తల తిప్పి చూసేవాళ్లు. ఇక్కడ తను ఆపేసినా ఎవరికీ తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగి కాగితం మసకబారింది.

కమాను మాత్రం ఆపలేదు. ఆ స్వరం ఇంకా కొంచెం సాగాలి.