ముత్తమ్మ పూచీకత్తు

టెండరు దక్కిందని తెలిసిన రోజు జంగయ్య మేడ్చల్ చౌరస్తాలో ఇరవై మందికి చాయ్ తాగించాడు. మూడో రోజుకల్లా ఆ చాయ్ ఖర్చు కూడా దండగనిపించింది.

పద్దెనిమిదేళ్లుగా అతను కట్టని సర్కారు కట్టడం లేదు. బడి గదులు కట్టాడు, మురుగు కాలువలు కట్టాడు, రెండు పంచాయతీ ఆఫీసులు కట్టాడు. ఒక్క కాగితం మీదా అతని పేరు లేదు. లైసెన్సు హేమచంద్ సేఠ్‌ది, టెండరు సేఠ్‌ది, బిల్లు సేఠ్‌ది. చెమట మాత్రం జంగయ్యది. సేఠ్ పైన మీగడ తీసుకుని మిగిలిన పాలు ఇతని గిన్నెలో పోసేవాడు. ఆ చుట్టుపక్కల సగం మంది మేస్త్రీల బతుకు ఇదే. దీన్ని ఎవరూ మోసం అనరు, రివాజు అంటారు. నలభై ఎనిమిదో ఏట జంగయ్యకు బుద్ధి పుట్టింది. సొంత లైసెన్సు తీసుకుని, షామీర్‌పేట అవతల ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం కట్టడానికి తన పేరుతో మొదటి టెండరు వేశాడు.

వేయడంలోనే పప్పులో కాలేశాడు. సర్కారు అంచనా కంటే ఎంత తక్కువకు చేస్తావో రాయాలి, దాన్ని కాంట్రాక్టర్లు ‘లెస్’ అంటారు. రెండో స్థానంలో నిలిచినవాడు పద్దెనిమిది శాతం దగ్గర ఆగాడు. మనవాడు ఇరవై తొమ్మిది రాశాడు. పిచ్చి పట్టి కాదు. సేఠ్ మీగడ తీయగా ఇన్నేళ్లూ తన చేతికొచ్చింది ఆ రేటే కాబట్టి, లోకంలో పనికి ధర అదేనని నమ్మాడు. ఇకమీదట మీగడ కూడా తనదేనన్న సంగతి అతనికి తట్టనే లేదు. తట్టదు మరి, ఎన్నడైనా రుచి చూస్తే కదా.

పాతిక శాతం దాటి తగ్గించినవాడు పని నడిమధ్యలో వదిలేసి పోతాడేమోనని సర్కారుకు అనుమానం. అందుకని మామూలు పూచీకి తోడు, ఆ పైన తగ్గించిన మొత్తానికి కూడా బ్యాంకు పూచీకత్తు తెమ్మంటుంది. పద్నాలుగు రోజులు గడువు. తేకపోతే టెండరు పోతుంది, దానితో కట్టిన డిపాజిట్టు పోతుంది, కొన్నేళ్లపాటు మళ్లీ టెండరు వేయనివ్వరు. అంటే లేకలేక పుట్టిన ఆ బుద్ధిని మడిచి జేబులో పెట్టుకుని, తిరిగి సేఠ్ గడప తొక్కాలి.

మేడ్చల్ బ్యాంకు మేనేజరు ప్రియాంక చిన్న వయసుదే గాని గట్టి మనిషి. అతని కాగితాలు రెండు నిమిషాల్లో తిరగేసింది. ఉన్నవే నాలుగు.

“జంగయ్య గారూ, పద్దెనిమిదేళ్ల అనుభవం అంటున్నారు. కాగితాల ప్రకారం మీరు నిన్న పుట్టారు.”

“పని నేనే జేసిన మేడం. ఏ గోడనన్న అడుగుండ్రి.”

“గోడలు సంతకం పెట్టవు కదండీ. నాకు రెండు కావాలి. ఒకటి, తనఖాకు ఆస్తి. రెండోది, ఈ పనిలో డబ్బు ఏ నెల ఎంత బయటకు పోతుంది, ఏ నెల ఎంత లోపలికి వస్తుంది అని ఒక్క పేజీ. ఆస్తి చాలామంది తెస్తారు. పేజీ తేరు. అది తేనివాళ్ల ఆస్తులే చివరికి వేలానికి వస్తాయి.”

ఆస్తి అంటే ఉన్నది ఒక్కటే. పెద్ద చెరువు దారిలో మూడు గదుల ఇల్లు, అదీ తల్లి ముత్తమ్మ పేర. పన్నెండేళ్లప్పుడు నెత్తిన తట్ట పెట్టుకున్న ముత్తమ్మ యాభై దాటాక గాని దించలేదు. ఇసుక, కంకర, సిమెంటు మోసిన కూలి కూడబెట్టి ఆ ఇల్లు కట్టుకుంది. ఇంటి కాగితం పెట్టెలో, పెట్టె తాళం ఆమె కొంగున. కాంక్రీటు కలిపే మిల్లర్ కొంటానని జంగయ్య అడిగినప్పుడూ ఇవ్వలేదు, ట్రాక్టర్ కొంటానన్నప్పుడూ ఇవ్వలేదు. ఇప్పుడు ఒంటరిగా అడిగే ధైర్యం లేక షుకూర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు. సెంట్రింగ్ పని చేసే షుకూర్ ఇరవై ఏళ్లుగా స్నేహితుడు. స్లాబు కింద కొట్టే ఇనుప రేకులు అతనివే, ముత్తమ్మ దగ్గర తిట్లు తినడంలో సగం వాటా కూడా అతనిదే.

ముత్తమ్మ ఇంటి ముందు అరుగులాంటి గద్దె మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జంగయ్య నిలబడే విషయం చెప్పాడు. పిడుగు పడుతుందని ఇద్దరూ భుజాలు ముడుచుకున్నారు. ఆమె తల కూడా ఎత్తలేదు.

“ఏం కడ్తున్నవ్ రా?”

“చిన్న దవాఖాన అమ్మా.”

“స్లాబు ఎప్పుడు ఏస్తవ్?”

“ఏప్రిల్ ఆఖర్ల.”

“ఏప్రిల్‌ల పాలమూరు కూలోళ్లు పెండ్లిళ్లకు పోతరు. బోర్లు ఎండుతయ్. ఏసిన స్లాబుకు నీళ్లెవలు కొడ్తరు, నీ మేనేజరమ్మనా?”

జంగయ్య నెల మార్చాడు. “మార్చిల ఏస్త.”

“షుకూరూ, మార్చిల నీ రేకులు యాడుంటయ్?”

షుకూర్ నేల చూపులు చూశాడు. “బహదూర్‌పల్లిల, పెద్దమ్మా. పరమేష్ సార్ ఇల్లు గూడ జంగన్నే ఒప్పుకున్నడు గదా. ఆడ పెడ్తనని మాటిచ్చిన.”

“మంచిగుంది. ఒక్క రేకు రెండు ఇండ్ల కింద నిలబడ్తది.” ఆమె గింజ తీసి పక్కన పడేసింది. “మొదటి బిల్లు ఎప్పుడొస్తది?”

“బేస్‌మెంట్ అయినంక నెల దినాలకు.”

“మీ సేఠ్‌కు ఎన్ని దినాలకు ఒస్తుండె?”

“మూడు నెలలు.”

“మరి నీకు నెలకే ఎందుకొస్తది? నువ్వు సేఠ్ కంటే పెద్ద సిరిమంతుడివా?”

జంగయ్యకు ఒళ్లు మండింది. బ్యాంకులో కూడా ఎవరూ ఇంత నిలదీయలేదు. కోపం వచ్చిందంటే ప్రశ్న సరైనదేనని అతనికి లోలోపల తెలుసు, అందుకే ఆ కోపం మరీ ఎక్కువైంది.

“బిల్లు ఒచ్చేదాక కూలోళ్లకు ఏం పెడ్తవ్?” ముత్తమ్మ మొదటిసారి తలెత్తి చూసింది.

“పరమేష్ సార్ అడ్వాన్సు ఉంది.”

“అంటే ఆయన ఇంటి పైసలు దవాఖానకు పెడ్తవ్. ఆయన ఇల్లు ఏంటితోని కడ్తవ్?”

“సర్కారు బిల్లు రాంగనే…”

“మీ బాపు గూడ గిట్లనే అన్నడు. ఒకని అడ్వాన్సు ఇంకోని గోడకు పెట్టిండు, వాని పైసలు మూడోని స్లాబుకు పెట్టిండు. ఐదు ఇండ్లు సగంల నిలవడ్డయ్. మేస్త్రీ అని పిలిపించుకున్నోడు గుండ్లపోచంపల్లి గోదాంల వాచ్‌మన్ అయ్యి, గా కుర్చీలనే పాణం ఇడిసిండు. ఆయన ఎవలను ముంచాలనుకోలే బిడ్డా. దినాలు లెక్క పెట్టుకోలే, అంతే.”

తండ్రి సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. తండ్రిది దురదృష్టం అనుకుంటూ జంగయ్య ఇన్నేళ్లు గడిపాడు. ఆ దురదృష్టాన్నే తాను తేదీలు వేసి మరీ ఏర్పాటు చేసుకున్నాడని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది.

“ఆ అడ్వాన్సు వాపసు ఇచ్చి రా,” అంది ముత్తమ్మ చింతపండు చాటలోకి తోస్తూ. “అప్పుడు ఇంటి మాట మాట్లాడుదాం.”

వాపసు ఇవ్వడం చెప్పినంత తేలిక కాదు. అందులో కొంత అప్పటికే టెండరు డిపాజిట్టుగా మారిపోయింది. ఆ లోటు షుకూర్ ఏమీ అడగకుండా పూడ్చాడు. మర్నాడు పొద్దున్నే బహదూర్‌పల్లి పోయి పరమేష్ ముందు డబ్బు పెడితే, ఆ రిటైరైన లెక్చరరు మెచ్చుకోలేదు సరికదా, మండిపడ్డాడు.

“ముహూర్తం పెట్టుకున్నాక చేతులెత్తేస్తావా జంగయ్యా?”

“చేతులెత్తుతలేను సార్. రెండు పనులు పట్టుకుంటే రెండూ కరాబ్ చేస్త. జులై దాక ఆగితే మీ ఇల్లు నేనే మంచిగ కట్టిస్త.”

పరమేష్ ఆగలేదు. వారం తిరక్కుండా వేరే మేస్త్రీకి ఇచ్చేశాడు. నోటికాడి ముద్ద జారిపోయింది. బండి మీద తిరిగొస్తూ జంగయ్య బాధపడ్డాడు. అయితే ఎవరైనా ఫోన్ చేస్తే ఏం అబద్ధం చెప్పాలా అని ఆలోచించకుండా ఆ దారి వెంట రావడం ఎన్నో ఏళ్లకు ఇదే మొదలు.

ఆ తర్వాత రెండు మధ్యాహ్నాలు ముగ్గురూ గద్దె మీద కూర్చున్నారు. ముత్తమ్మ అడిగేది, షుకూర్ అడ్డం పడేవాడు, జంగయ్య రాసేవాడు. ముందు, చేతిలో సగమై ఉన్న కండ్లకోయ హాస్టల్ ప్రహరీ పూర్తి చేసి రావలసిన పైకం రాబట్టుకోవాలి. కూలీల ముఠా ఒక్కటే. స్లాబు మార్చిలో. రేకులు స్లాబుకు పది రోజుల ముందు వచ్చి, మూడు వారాల తర్వాత కదలాలి. బిల్లు మూడు నెలలకు గాని రాదు, ఆ సందులో నడవడానికి బ్యాంకులోనే చిన్న అప్పు. వానకు, జ్వరానికి, చావుకు, పెండ్లికి కలిపి పదిహేను రోజులు. స్లాబు పడేదాకా కొత్త పని ఒప్పుకునేది లేదు. వచ్చే టెండరులో లెస్ పదిహేను దాటేది లేదు. ఈ చివరిది ముత్తమ్మ రెండుసార్లు రాయించింది.

అంతా అయ్యాక కింద మిగిలింది చూసుకున్నాడు. కొంచెమే. కాని కొంచెమైనా మిగులుతుందని పని మొదలుపెట్టకముందే తెలియడం అతని బతుకులో కొత్త. ఇన్నాళ్లూ పని అయిపోయాక జేబు తడుముకుని లాభమో నష్టమో తెలుసుకునేవాడు. దానితోపాటు తన పేరుమీద పని పూర్తి చేసినట్టు సర్టిఫికెట్టు వస్తుంది. ఆ ఒక్క కాగితంతో వచ్చే ఏడు ఏ బ్యాంకులోనూ అతను నిన్న పుట్టినవాడు కాడు.

ముత్తమ్మ కొంగు ముడి విప్పి తాళం అతని చేతిలో పెట్టింది.

ప్రియాంక ఆ పేజీని కాగితాల కంటే ఎక్కువసేపు చదివింది. “బిల్లు మూడు నెలలకని రాశారు. అందరూ నెలకే వస్తుందని రాస్తారు.”

“మా అమ్మ ఒప్పుకోలే మేడం.”

ఆమె నవ్వి, మరో రెండు ప్రశ్నలు వేసింది. రెండింటికీ జవాబు పేజీలోనే ఉంది. లాయరు వచ్చి దస్తావేజులు చూశాడు, ఇంజనీరు వచ్చి ఇల్లు కొలిచాడు. పన్నెండో రోజు ముత్తమ్మను సంతకానికి పిలిచారు. ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చి మేనేజరు ఎదుట కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“అమ్మా, ఇది నేను అడిగి తీరాలి. మీ అబ్బాయి పని మధ్యలో వదిలేస్తే ఈ ఇల్లు మీది కాదు. తెలిసే పెడుతున్నారా?”

“ఎరుకనే బిడ్డా,” అంది ముత్తమ్మ. “నలభై ఏండ్లు మందికి ఇండ్లు మోసిన. ఒక్క ఇంటి మీదనే నా పేరున్నది. వీనికి పద్దెనిమిదేండ్ల సంది ఒక్కదాని మీద గూడ లేదు. నాది పెడ్తే వానికి ఒకటొస్తదంటే పెట్టనా?”

ప్రియాంక కలం ఆమె వైపు జరిపింది. ముత్తమ్మ కూడబలుక్కుంటూ ఒక్కో అక్షరం రాసింది. పక్కన నిలబడ్డ జంగయ్యకు కళ్లు మసకబారితే, గోడకున్న క్యాలెండర్ చూస్తున్నట్టు అటు తిరిగాడు. పూచీకత్తు తయారైంది. గడువు ఇంకా రెండు రోజులుండగానే ఆఫీసులో ఇచ్చి, ఒప్పందం మీద సంతకం చేశాడు. కాంట్రాక్టరు అన్నచోట తన పేరే ఉంది. సరిగా రాశారో లేదో అని రెండుసార్లు చదువుకున్నాడు.

ముత్తమ్మ ఇంటికి పోనంది. జాగా చూడాలంది. బండి వెనక కూర్చోబెట్టుకుని షామీర్‌పేట దాటి ఆ ఊరికి తీసుకెళ్లాడు. ముళ్లకంప కొట్టేసిన ఖాళీ జాగాలో నాలుగు మూలలా రాళ్లు పాతి ఉన్నాయి. ఆమె చెప్పులు విడిచి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచింది. కాలితో మట్టి గీకి, “గట్టి మొరం నేల, పునాదికి పరేషాన్ లేదు,” అంది. తర్వాత రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

“ఈడికి ఎవలొస్తరు రా?”

“ఎక్కువ ఆడోళ్లే. కడుపుతోని ఉన్నోళ్లు, పిల్లల తల్లులు. సూదులకు, మందులకు.”

“మెట్లు ఎంతెత్తు?”

“డ్రాయింగ్‌ల ఆరు ఇంచులు ఉంది.”

“డ్రాయింగ్‌ల సంగతి కాదు. నువ్వెంత పెడ్తవ్?”

జంగయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. ఆరు ఉన్నచోట ఏడు పెడితే మెట్ల వరుసలో ఒక మెట్టు తగ్గుతుంది. సేఠ్ పనులన్నింట్లో అలాగే తగ్గించారు, ఎవరూ కొలవలేదు. ఇరవై తొమ్మిది లెస్ వేసిన పనిలో ఆ ఒక్క మెట్టు కూడా మిగులే, పేజీలోనూ అలవాటుగా ఏడుకే లెక్క కట్టాడు.

“నువ్వు కడుపుల పడ్డంక తొమ్మిదో నెల దాక తట్ట ఎత్తుకుని మెట్లెక్కిన,” అంది ముత్తమ్మ, కోపం లేకుండా. “ఏ మేస్త్రీ ఎత్తు మెట్టు కట్టిండో నా మోకాళ్లకు ఇప్పటికీ ఎరుకే.”

జంగయ్య జేబులోంచి ఆ పేజీ తీశాడు. బండి సీటు మీద పరిచి, మెట్ల ఖర్చు కొట్టేసి, ఒక మెట్టు కలిపి మళ్లీ రాశాడు. కింద మిగిలేది ఇంకాస్త తగ్గింది.

“ఆరే పెడ్త అమ్మా,” అన్నాడు.